విద్వాంసుడు ఎవరికీ చుట్టం కాడు

"ఇంటికి వచ్చిన చుట్టం ఇంటివాళ్ళను తిట్టకూడదు."

ఈ మాట 2025లో మా స్టాఫ్ రూములో రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ అన్నది ఒకే మిత్రుడు. మొదటిసారి మార్చిలో: అమెరికాలో విదేశీ విద్యార్థులనూ పరిశోధకులనూ పట్టుకుపోతున్నారన్న వార్తలు వచ్చినప్పుడు. రెండోసారి దీపావళి వెళ్ళగానే: ఫ్రాంచెస్కా ఓర్సీనీ అనే హిందీ విద్వాంసురాలిని ఢిల్లీ విమానాశ్రయం నుంచే తిప్పి పంపించినప్పుడు.

మార్చిలో ఈ మిత్రుడి మీద విరుచుకుపడ్డవాడు మరొక మిత్రుడు. అభ్యుదయవాది, మంచి వక్త. సామ్రాజ్యవాదపు అసలు ముఖం ఎట్లాంటిదో అరగంటసేపు చెప్పాడు. అక్షరం తప్పని ఉపన్యాసం. అక్టోబరులో అదే మిత్రుడు కళ్ళజోడు తుడుచుకుంటూ, "అయినా టూరిస్టు వీసా మీద వచ్చి పరిశోధన చేయడం తప్పే గదా?" అన్నాడు.

మొదటి మిత్రుడిలో ఒక గుణం ఉన్నది. ఆయన వాషింగ్టనుకూ ఢిల్లీకీ ఒకే న్యాయం వర్తింపజేశాడు. అది అన్యాయమైన న్యాయమే కావచ్చు, కాని ఒకటే. రెండో మిత్రుడికి ఆ గుణం కూడా లేదు. ఈ వ్యాసం ఇద్దరికీ సమాధానంగా రాస్తున్నాను. రెండో ఆయనకు కాస్త ఎక్కువ చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే ఆయన మనవాడు.

ముందు ఈ చుట్టరికం సంగతి చూద్దాం.

మా కాలేజీలో బి.యస్సీ. చదివి, నా దగ్గర రెండో భాషగా తెలుగు చదువుకున్న కుర్రవాడు ఒకడు అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. తండ్రి ఖమ్మం జిల్లాలో మిరప రైతు. కుర్రవాడు జె-1 అనే తరగతి కింద అక్కడ ఉన్నాడు. విదేశాలనుంచి వచ్చే అధ్యాపకులనూ పరిశోధకులనూ ఆ తరగతిలో చేర్చుకుంటారు. దాని గడువు దగ్గరపడుతుంటే విశ్వవిద్యాలయం వారు అతన్ని హెచ్-1బి అనే ఉద్యోగుల తరగతిలోకి మార్చమని దరఖాస్తు పెట్టారు. దీనినే 'స్టేటస్ మార్పు' అంటారు.

ఇక్కడ మనవాళ్ళు చాలామంది గ్రహించని సంగతి ఒకటున్నది. వీసా వేరు, స్టేటస్ వేరు. వీసా అంటే గుమ్మందాకా రావడానికి ఇచ్చే చీటీ. స్టేటస్ అంటే లోపల ఉండడానికి ఇచ్చే అనుమతి. లోపల ఉన్నవాడి అనుమతి మారుస్తూ ఉండగా అతను గుమ్మం దాటి బయటికి పోతే, ఆ మార్పు కోరిక వదులుకున్నట్టే లెక్కగడతారు. తిరిగి రావాలంటే కాన్సులేటులో మళ్ళీ వరసలో నిలబడాలి. ఆ వరస ఎంత పొడవో ఎవరూ ముందు చెప్పరు. 2025 డిసెంబరులో మన దేశంలోని అమెరికన్ కాన్సులేట్లు వేలమంది ఇంటర్వ్యూలను ఒక్క దెబ్బన నెలల తరబడి వెనక్కు నెట్టాయి. దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలు పరిశీలించాలట. పెళ్ళికని నాలుగు వారాల సెలవు మీద వచ్చినవాళ్ళు ఇక్కడే చిక్కుపడిపోయారు.

ఇది చాలదన్నట్టు 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ఒక ప్రకటన చేశాడు. దేశం బయట ఉన్న మనిషికోసం కొత్తగా హెచ్-1బి కోరితే లక్ష డాలర్లు కట్టాలన్నాడు. లోపల ఉండి స్టేటస్ మార్చుకునేవారికి ఇది వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చారు. అయితే దరఖాస్తు తేలకముందే బయటికి పోయినవారికి వర్తిస్తుందని ఆ వివరణలోనే ఉన్నది.

నవంబరులో ఆ కుర్రవాడి తండ్రికి పక్షవాతం వచ్చింది. తొమ్మిదో రోజున పోయాడు. ఆ తొమ్మిది రోజులూ కొడుకు నాకు ఫోను చేస్తూనే ఉన్నాడు. "సార్, వస్తే మళ్ళీ వెళ్ళలేను. వెళ్ళాలంటే లక్ష డాలర్లు కట్టాలి. నాకోసం యూనివర్సిటీ కడుతుందా?" మన లెక్కలో అది 88 లక్షల రూపాయల పైమాటే. ఆ రైతు జన్మలో అంత సొమ్ము చూడలేదు. నేను ఆ ఇంటికి వెళ్ళాను. పెద్దకొడుకు పెట్టవలసిన తలకొరివి చిన్నకొడుకు పెట్టాడు. మేనమామ చితికి ఎదురుగా ఫోను పట్టుకుని నిలబడ్డాడు. పొగ అటు తిరిగినప్పుడల్లా ఆయన చెయ్యి వణికింది, అటువైపు కుర్రవాడు "కనిపించడం లేదు మామయ్యా" అన్నాడు.

ఈ కుర్రవాడు ఏ ఊరేగింపులోనూ నడవలేదు. ఏ పత్రికకూ వ్యాసం రాయలేదు. పాలస్తీనా పేరు కూడా ఎత్తలేదు. నా మొదటి మిత్రుడు కోరిన చుట్టం ఇంతకంటె ఎట్లా ఉంటాడు? నోరు మూసుకుని వంచిన తల ఎత్తకుండా ఉన్నాడు. అయినా తండ్రి శవాన్ని చూడలేకపోయాడు. కాబట్టి మర్యాదగా ఉంటే మర్యాద జరుగుతుందనే వాదం ఇక్కడే కూలిపోయింది.

ఇక నోరు విప్పినవారి సంగతి.

బదర్ ఖాన్ సూరి భారతీయుడు. వాషింగ్టనులోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయంలో ఇదే జె-1 తరగతి కింద పరిశోధన చేస్తూ, దక్షిణాసియాలో మెజారిటీవాదం గురించీ మైనారిటీల హక్కుల గురించీ పాఠం చెప్పేవాడు. 2025 మార్చి 17 రాత్రి వర్జీనియాలో ఇంటి బయట పట్టుకున్నారు. నేరారోపణ లేదు. టెక్సాస్ నిర్బంధ కేంద్రానికి తరలించారు. మే 14న న్యాయమూర్తి విడిపించేదాకా అక్కడే ఉన్నాడు. రుమేసా ఓజ్‌తుర్క్ టర్కీ నుంచి వచ్చి అప్పట్లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేస్తుండేది. మార్చి 25న ముసుగులు వేసుకున్న అధికారులు నడివీధిలో ఆమెను చుట్టుముట్టారు. ఆమె చేసిన పని ఏమిటి? అంతకు ఏడాది ముందు మరి ముగ్గురితో కలిసి విద్యార్థి పత్రికలో ఒక వ్యాసం రాసింది. ఆరు వారాలకు పైగా జైలులో పెట్టారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో నగర నిర్మాణ శాస్త్రం చదువుతున్న రంజని శ్రీనివాసన్ వీసాను మార్చి 5న రద్దు చేశారు. అధికారులు ఇంటి తలుపు తట్టడం మొదలుపెట్టాక, మార్చి 11న ఆమె అమెరికా విడిచి కెనడా వెళ్ళిపోయింది.

ఏప్రిలులో ఇంకొక ఘట్టం. విదేశీ విద్యార్థుల, పరిశోధకుల వివరాలు ఉండే సెవిస్ అనే కంప్యూటరు పట్టికలో వేల పేర్లకు ఒక్కసారిగా గీత గీశారు. ఎందుకు గీశారో చాలామందికి చెప్పలేదు. పోలీసు దస్తరాలలో పేరు తగిలితే చాలు. కొట్టేసిన కేసైనా సరే, ట్రాఫిక్ తప్పైనా సరే. పాపం, వాళ్ళు ఊరుకోలేదు. కోర్టులకు వెళ్ళారు. ఊరుకోలేదు గనుకనే ఏప్రిల్ 25న ప్రభుత్వం వెనక్కు తగ్గి ఆ రికార్డులను మళ్ళీ నిలబెడుతున్నామని ప్రకటించింది.

ఇదంతా ఒక్క అధ్యక్షుడి పిచ్చి అనుకుంటే పొరపాటు. దీని వేరు 1952 నాటి మెకారన్-వాల్టర్ చట్టంలో ఉన్నది. కమ్యూనిస్టు భావాలు గలవారిని దేశంలోకి రానివ్వకుండా ఆపడానికి ఆ చట్టం తోడ్పడింది. బెల్జియన్ మార్క్సిస్టు ఆర్థికవేత్త ఎర్నెస్ట్ మాండెల్‌ను 1969లో స్టాన్‌ఫర్డ్ మొదలైన విశ్వవిద్యాలయాలు ఉపన్యాసాలకు పిలిస్తే వీసా నిరాకరించారు. దాని మీద దావా వేసినవారిలో మాండెల్‌తోపాటు ఆయనను పిలిచిన అమెరికన్ అధ్యాపకులు ఉన్నారు. వారి వాదన చాలా సూటిగా ఉన్నది: మాండెల్‌కు మా దేశం రావడానికి హక్కు ఉన్నదో లేదో అది వేరే సంగతి, ఆయన చెప్పేది వినడానికి మాకు హక్కు ఉన్నది. 1972లో సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా చీలి, ఆ అధ్యాపకులను ఓడించింది. ప్రభుత్వం పైకి సబబుగా కనిపించే కారణం ఒకటి చూపితే, దాని వెనక ఏమున్నదో కోర్టు తవ్వదన్నది.

అధ్యాపకులు ఓడిపోయారు గాని వారి ప్రశ్న ఓడిపోలేదు. 2025లో మళ్ళీ అధ్యాపక సంఘాలే కోర్టుకెక్కాయి. సెప్టెంబరు 30న న్యాయమూర్తి విలియం యంగ్, భావాలను బట్టి విదేశీ విద్వాంసులను వెళ్ళగొట్టే ఈ విధానం వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని తీర్పు చెప్పాడు. చట్టబద్ధంగా దేశంలో ఉన్న విదేశీయుడికి కూడా పౌరుడితో సమంగా మాట్లాడే హక్కు ఉన్నదన్నాడు.

మాండెల్ కేసులో అధ్యాపకులు పట్టుకున్న కొసనే మనమూ పట్టుకోవాలి. విద్వాంసుడు చుట్టం కాడు. చుట్టాన్ని మనం మర్యాదకోసం పిలుస్తాం, విద్వాంసుణ్ణి అవసరం కొద్దీ పిలుస్తాం. అతను రావడం మనం అతనిమీద చూపే దయ కాదు. అతన్ని వెనక్కు పంపితే అతని విమానపు టిక్కెట్టు పోతుంది. వినవలసిన విద్యార్థి చెవి పోతుంది. వీసాను మంచి నడవడికి జామీనుగా పట్టుకున్న ప్రభుత్వం నిజానికి తన పౌరుల చెవులనే తాకట్టు పెట్టించుకుంటున్నది.

ఇప్పుడు నా రెండో మిత్రుడి దగ్గరకు వస్తాను.

ఓర్సీనీ ఎవరు? లండనులోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో పాఠం చెప్పి విరమించిన ఆచార్యురాలు. 1920-40 మధ్య హిందీ సాహిత్యం, పత్రికలు, పాఠకులు కలిసి ఒక ప్రజాజీవితాన్ని ఎట్లా ఏర్పరిచారో గ్రంథం రాసింది. 2025 అక్టోబరు 20 రాత్రి హాంకాంగు నుంచి ఢిల్లీలో దిగింది. చేతిలో గడువు తీరని వీసా ఉన్నది. లోపలికి రానివ్వలేదు. వీసా నిబంధనలు అతిక్రమించినందున మార్చిలోనే నిషిద్ధుల జాబితాలో చేర్చామని తరువాత పత్రికలకు అధికార వర్గాలు చెప్పాయి. పత్రికలకు చెప్పిన ఆ సంగతి ఆమెకు ఏడు నెలలుగా ఎందుకు చెప్పలేదు? జాబితాలో పేరు చేర్చేముందు సంజాయిషీ అడిగారా? నిబంధన తప్పితే శిక్ష ఉండవచ్చు. తాఖీదు లేని శిక్ష, విచారణ లేని శిక్ష, విమానాశ్రయపు బల్ల దగ్గర మొదటిసారి తెలిసే శిక్ష ఏ న్యాయశాస్త్రంలోది? ఒక గుమాస్తాను ఇట్లా పనిలోంచి తీసేస్తే మన సంఘాలు ఊరుకుంటాయా?

"టూరిస్టు వీసా మీద పరిశోధన" అనే మాటను కూడా కాస్త విప్పి చూడండి. నలభై ఏళ్ళు ఒక భాషలో బతికిన మనిషి పాత పుస్తకాల దుకాణానికి వెళ్ళి ఒక సంపుటం తిరగేస్తే అది విహారమా, పరిశోధనా? మిత్రుడైన కవి ఇంట్లో భోంచేస్తూ కవిత్వం గురించి అడిగితే అది ఏ తరగతి వీసా కిందికి వస్తుంది? అంత సన్నని గీత గీసి, అది దాటారో లేదో నిర్ణయించే అధికారం ఒక కనిపించని గుమాస్తాకు ఇస్తే, ఆ గీత ఎప్పుడూ ప్రభుత్వానికి నచ్చనివాడి కాళ్ళ కిందనే పడుతుంది.

ఓర్సీనీతో ఇది మొదలు కాలేదు. ఫిలిప్పో ఒసెల్లా ముప్పయ్యేళ్ళకు పైగా కేరళ సమాజాన్ని అధ్యయనం చేసినవాడు. 2022 మార్చి 24న మత్స్యకారుల జీవితాలపై సదస్సుకు వచ్చి తిరువనంతపురంలో దిగితే, కారణం చెప్పకుండా తిప్పి పంపించారు. 2024 ఫిబ్రవరిలో నితాషా కౌల్‌ను కర్ణాటక ప్రభుత్వమే రాజ్యాంగంపై సభకు ఆహ్వానించింది. బెంగుళూరు విమానాశ్రయంలో కేంద్ర ప్రభుత్వం ఆపేసింది. రాజ్యాంగం మీద మాట్లాడడానికి వచ్చిన మనిషికి రాజ్యాంగం మనదేశంలో ఎంతవరకు నడుస్తుందో అక్కడే పాఠం చెప్పారు.

నా మిత్రుడు మరొక మాట కూడా అన్నాడు. విదేశీ విద్వాంసులంతా సామ్రాజ్యవాదుల మనుషులేనట. దీనికి మన నేలమీదనే సమాధానం ఉన్నది.

ఆస్ట్రియాలో పుట్టిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1939లో మన దేశానికి వచ్చాడు. హిట్లర్ అప్పటికే ఆస్ట్రియాను మింగాడు గనుక ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. సెప్టెంబరులో యుద్ధం మొదలయింది. నిన్నటి పరిశోధకుడు తెల్లవారేసరికి శత్రుదేశ పౌరుడైనాడు. స్టేటస్ మార్పు అంటే ఇంతకంటె ఏముంటుంది! హైదరాబాదు సంస్థానం దాటకుండా ఆయనను కట్టడి చేశారు. ఆ కట్టడిలోనే ఆయన నల్లమల చెంచుల మధ్య, గోదావరి కొండరెడ్ల మధ్య, ఆదిలాబాదు గోండుల మధ్య తిరిగి గ్రంథాలు రాశాడు. 1940లో కొమురం భీం జోడేఘాట్ దగ్గర నిజాం తుపాకులకు బలి అయిన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాంకు కలిగింది. ఆ అవసరానికి హైమెండార్ఫ్ పనికివచ్చాడు. ప్రభుత్వానికి సలహాదారు కూడా అయినాడు.

ఆయనను దేవుణ్ణి చేయమని నేననడం లేదు. నిజాం కొలువులో కూర్చున్నవాడి చూపుకు హద్దులుంటాయి. వాటిని మనం విమర్శించాలి, విమర్శించాం కూడా. అయితే ఏ ఆధారంతో విమర్శించాం? ఆయన పుస్తకాలు చదివి! గోండుల భూమి ఎవరు ఎట్లా కాజేశారో ఆయన రాసిపెట్టినది, గోండులకు పట్టాలు ఇప్పించడానికి పనికివచ్చింది. ఆయన భార్య ఎలిజబెత్ సమాధి పూర్వపు ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో ఉన్నది. ఆ గూడెం వారు ఆ దంపతులను ఇప్పటికీ తలుచుకుంటారు. యుద్ధం తరువాత హైమెండార్ఫ్ లండను వెళ్ళి ఆచార్యుడైనది ఏ సంస్థలో? ఓర్సీనీ పాఠం చెప్పిన ఆ స్కూలులోనే. యుద్ధం మధ్యలో శత్రుదేశ పౌరుడికి చెంచుపెంటలో కూర్చుని రాసుకునే వీలు దొరికింది. శాంతికాలంలో, స్వతంత్ర భారతంలో, హిందీ చదువుకున్న విద్వాంసురాలికి విమానాశ్రయపు గుమ్మం దాటే వీలు దొరకలేదు.

సామ్రాజ్యవాదం గురించి అంత బెంగ ఉన్న నా మిత్రుడు ఇంకొకటి గమనించాలి. సామ్రాజ్యవాదం పెట్టెలో పుస్తకాలు పెట్టుకుని టూరిస్టు వీసా మీద రాదు. అది పెట్టుబడిగా వస్తుంది. దానికి ముఖ్యమంత్రులు ఎర్ర తివాచీ పరుస్తారు, భూములు సిద్ధం చేస్తారు. దాన్ని ఏ బల్ల దగ్గరా ఎవరూ ఆపరు.

ఇంతదాకా ఇతరుల తప్పులే చెప్పాను. నాదీ ఒకటున్నది.

2023లో మా కాలేజీలో మౌఖిక వీరగాథలపై సదస్సు జరిపాము. పల్నాటి కథ పాడే గాయకుల దగ్గర కూర్చుని నేర్చుకున్న ఒక విదేశీ పరిశోధకుడు అప్పుడు మన దేశంలోనే ఉన్నాడు, సరైన పరిశోధన వీసాతోనే. ఆయన పేరు ఆహ్వానపత్రంలో వేశాము. పై అధికారి ఒకరు నన్ను పిలిచి, "ఫారినర్ అంటే ఎవరో ఏదో అడుగుతారు, మనకెందుకు?" అన్నారు. కాగితం మీద ఏమీ రాయలేదు. రాయమని నేనూ అడగలేదు. వచ్చి ఆ పేరు నా చేతులతోనే కొట్టేశాను. ఆయనకు ఫోను చేసి అబద్ధం చెప్పాను: సమయం చాలడం లేదన్నాను. ఆయన నమ్మినట్టు నటించి, శ్రోతగానైనా వస్తానని బస్సెక్కి వచ్చాడు. భోజనవేళ గేటు బయట టీకొట్టు దగ్గర, ఒకే ఘట్టాన్ని ఇద్దరు గాయకులు ఎందుకు వేరువేరుగా పాడతారో చెప్పాడు. మంచి తెలుగులో చెప్పాడు. నలుగురు విద్యార్థులు విన్నారు. లోపల హాలులో రెండు వందలమంది ఉన్నారు.

ఢిల్లీ గుమాస్తా చేసే పనిని ఊళ్ళో ఎవరి తాఖీదూ లేకుండా చేసినవాణ్ణి నేను. అందుకే చెబుతున్నాను: నిషిద్ధుల జాబితా విమానాశ్రయంలో ఒక్కచోటే ఉండదు. సగం జాబితా మన బల్ల సొరుగుల్లో ఉంటుంది.

ఏమి చేయాలి? మొదటిది, విదేశీ విద్వాంసుణ్ణి ఆపితే కారణం రాతమూలకంగా ఇవ్వాలనీ, చెప్పుకునే అవకాశం ఇవ్వాలనీ అధ్యాపక సంఘాలు తీర్మానాలు చేయాలి. రెండోది, భావాలు ఏనాడూ ఆ కారణం కాకూడదు. మూడోది, నోటిమాట ఆజ్ఞలకు మనం తల వంచకూడదు, కాగితం అడగాలి. అడిగితే చాలావాటికి కాగితం పుట్టదు. నాలుగోది, సూరి గురించి తీర్మానం చేసిన సభలోనే ఓర్సీనీ గురించీ చేయాలి. ఒకటి చేసి ఒకటి మానితే రెండూ చెల్లవు.

తీర్మానాలతో ఏమవుతుందని పెదవి విరిచేవారికి ఒక ఉదాహరణ. 2021 జనవరిలో కేంద్ర విద్యాశాఖ, దేశ భద్రతకూ 'ఆంతరంగిక వ్యవహారాలకూ' సంబంధించిన విషయాలపై ఆన్‌లైన్ అంతర్జాతీయ సదస్సు జరపాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని ఆదేశించింది. ఇక్కడ మనిషి రావడం కూడా లేదు, వచ్చేది గొంతు ఒక్కటే, దానికీ వీసా! దేశంలోని శాస్త్ర అకాడమీలు అభ్యంతరం చెప్పాయి, అధ్యాపకులు గొడవ చేశారు. ఫిబ్రవరిలోనే ఆ ఆదేశాన్ని ఉపసంహరించుకున్నారు.

మిరప రైతు కొడుక్కి నేను ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. వచ్చే విద్యా సంవత్సరంలో మా కాలేజీలో మళ్ళీ సదస్సు పెట్టే బాధ్యత నాకే ఇచ్చారు. 2023లో కొట్టేసిన పేరును ఈసారి ఆహ్వానపత్రంలో మొదట వేస్తాను. వద్దన్నవారిని కాగితం అడుగుతాను. నా రెండో మిత్రుణ్ణి ఆ సభకు అధ్యక్షత వహించమని కోరుతున్నాను. ఆయన ఏమంటాడో మా స్టాఫ్ రూములో అందరూ కాచుకుని ఉన్నారు.